మోటార్‌సైకిల్ ఇంజిన్ శక్తి పెంపు

కంపెనీ నుంచి వచ్చిన మోటార్‌సైకిల్ ఇంజిన్‌లో మార్పులు చేసి, దాని నుంచి ఎక్కువ శక్తి రాబట్టే పనిని ట్యూనింగ్ అంటారు. మెకానిక్ షాపుకు బండి తోసుకొచ్చే కుర్రాడు ఆ మాట వాడడు, "అన్నా, పికప్ పెంచాలి" అంటాడు. ఆ ఒక్క కోరిక వెనక సిలిండర్ బోర్ చేయించడం, హెడ్ అరగదీయించడం, కామ్ మార్చడం, కార్బొరేటర్ జెట్లు మార్చడం, సైలెన్సర్ విప్పి మరొకటి బిగించడం వంటి పనులు వరసగా ఉంటాయి. కంపెనీ ఇంజనీరు ఇంజిన్‌ను గీసేటప్పుడు శక్తితో పాటు మైలేజీ, మన్నిక, పొగ పరిమితులు, చప్పుడు, ధర అన్నీ చూసుకుని మధ్యేమార్గంలో ఆగుతాడు. ట్యూనర్ ఆ ఒప్పందాన్ని తిరగరాస్తాడు. పెంచిన ప్రతి హార్స్ పవర్‌కూ ఇంజిన్‌లో ఏదో ఒక భాగం మూల్యం చెల్లిస్తుంది. అది ఏ భాగమో ముందే పసిగట్టడమే ఈ విద్యలో సగం.

మూల సూత్రం

పెట్రోలు ఇంజిన్ ప్రధానంగా గాలిని మింగే యంత్రం. పెట్రోలు కావలసినంత పోయడం కష్టం కాదు, దాన్ని కాల్చడానికి గాలి చాలాలి. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 గ్రాముల గాలి పడుతుంది. 346 సీసీ ఫోర్‌స్ట్రోక్ ఇంజిన్ నిమిషానికి 5,250 సార్లు తిరిగితే, అందులో సగం సార్లు మాత్రమే గాలి పీలుస్తుంది. సిలిండర్ ప్రతిసారీ నిండితే అది నిమిషానికి సుమారు 900 లీటర్ల గాలి. అంతకు మించి లాగితేనే అంతకు మించి శక్తి.

శక్తి అంటే టార్క్‌ను, ఇంజిన్ తిరిగే వేగాన్ని గుణిస్తే వచ్చేది. అందువల్ల దారులు మూడే. సిలిండర్‌లో చోటు పెంచాలి, లేదా ఉన్న చోటునే బాగా నింపి గట్టిగా కాల్చాలి, లేదా ఇంజిన్‌ను ఇంకా వేగంగా తిప్పాలి. మిగతావన్నీ ఈ మూడింటికి అనుబంధాలే.

వెనక చక్రానికి పళ్లు ఎక్కువున్న స్ప్రాకెట్ బిగిస్తే బండి ముందుకు దూకినట్టుంటుంది. అది ట్యూనింగ్ కాదు. ఇంజిన్ శక్తి అణువంత కూడా పెరగదు, టాప్ స్పీడ్‌ను అమ్మి పికప్ కొన్నట్టు అవుతుంది. అయినా ఖర్చు తక్కువ, ఇంజిన్ విప్పనక్కర్లేదు. చాలామంది అన్నిటికంటే ముందు చేయించేది అదే.

బోర్, స్ట్రోక్

చోటు పెంచడం అన్నిటికన్నా పాత పద్ధతి, నేటికీ నమ్మదగినది. సిలిండర్ వ్యాసాన్ని బోర్ అని, పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరాన్ని స్ట్రోక్ అని అంటారు. దీనికి రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంజిన్లే చక్కటి ఉదాహరణ. ఆ కంపెనీ యూసీఈ తరం ఇంజిన్లు మూడింటిలోనూ స్ట్రోక్ ఒకటే, 90 మి.మీ. బోర్ 70 మి.మీ. అయితే 346 సీసీ, 84 అయితే 499 సీసీ, 87 అయితే 535 సీసీ. చివరిది కాంటినెంటల్ జీటీ. వాటి శక్తి వరసగా 19.8, 27.2, 29.1 బీహెచ్‌పీ. లీటరుకు ఎంత అని లెక్కేస్తే మూడూ 54కూ 57కూ మధ్యే నిలుస్తాయి. అంటే ఇంజిన్ స్వభావం మారలేదు, గది పెద్దదైంది, శక్తి ఆ మేరకు పెరిగింది.

వీధి షాపుల్లో ఈ పద్ధతికి పేరుమోసిన బండి యమహా ఆర్‌ఎక్స్ 100. మన దేశంలో 1985 నుంచి 1996 దాకా తయారైన ఈ టూస్ట్రోక్ బండికి బోర్, స్ట్రోక్ రెండూ 50 మి.మీ., 98 సీసీ, 11 బీహెచ్‌పీ. దాని తరవాత వచ్చిన ఆర్‌ఎక్స్ 135కు స్ట్రోక్ అదే 50, బోర్ 58. ఈ పోలిక తెలిసిన మెకానిక్‌లు పాత వందకు 135 బ్లాకు ఎక్కించడం మొదలుపెట్టారు. తయారీ ఆగి రెండు దశాబ్దాలు దాటాక, 2018లో, ఆ బండి పేరే శీర్షికగా అజయ్ భూపతి దర్శకత్వంలో తెలుగు సినిమా వచ్చిందంటే కుర్రకారులో దాని మోజు ఎంతటిదో తెలుస్తుంది.

బోర్ చేయించడానికి హద్దు ఉంది. పాత ఇంజిన్లలో సిలిండర్ లోపల ఇనుప లైనర్ ఉంటుంది. అరిగినప్పుడు పావు మిల్లీమీటరు, అర మిల్లీమీటరు చొప్పున గీయించి ఓవర్‌సైజ్ పిస్టన్ వేయడం మామూలే. అంతకు మించి గీస్తే గోడ పలచబడుతుంది. వేడి ఒకచోట ఎక్కువ, మరోచోట తక్కువ చేరి సిలిండర్ గుండ్రటి ఆకారం కోల్పోతుంది, పిస్టన్ పట్టేస్తుంది. ఇప్పటి ఇంజిన్లలో చాలావాటికి ఇనుప లైనరే ఉండదు. అల్యూమినియం గోడకు నికెల్, సిలికాన్ కార్బైడ్ కలిపిన గట్టి పూత ఉంటుంది. దాన్ని మామూలుగా గీయిస్తే ఆ పూత పోతుంది, మళ్లీ వేయించనిదే సిలిండర్ పనికిరాదు.

స్ట్రోక్ పెంచాలంటే క్రాంక్ మార్చాలి. అది ఖర్చుతో కూడిన పని, పైగా పిస్టన్ వేగం పెరుగుతుంది.

కంప్రెషన్: ఒక బల్ల మీది లెక్క

పిస్టన్ కింద ఉన్నప్పటి మొత్తం చోటును, పైకి వచ్చాక మిగిలే చోటుతో భాగిస్తే వచ్చేదే కంప్రెషన్ నిష్పత్తి. మిశ్రమాన్ని ఎంత గట్టిగా నొక్కి కాలిస్తే, ఆ వేడిలో అంత ఎక్కువ భాగం పనిగా మారుతుంది. ఆదర్శ చక్రం లెక్క ప్రకారం నిష్పత్తి 8.5 ఉంటే సామర్థ్యం 57.5 శాతం, 10.5 ఉంటే 61 శాతం. నిజమైన ఇంజిన్లో రెండు అంకెలూ చాలా తక్కువే, కానీ తేడా మాత్రం ఆ దిశలోనే ఉంటుంది.

ఈ పని తెలిసిన షాపులో ఎలా జరుగుతుందో చూస్తే అందులోని నాజూకుతనం అర్థమవుతుంది. విప్పిన హెడ్‌ను వాల్వులు, ప్లగ్ బిగించి బల్ల మీద బోర్లా పెడతారు. మంట గది చుట్టూ గ్రీజు రాసి, దాని మీద చిన్న రంధ్రమున్న అద్దంలాంటి ప్లాస్టిక్ పలకను అతికిస్తారు. కెమిస్ట్రీ ల్యాబుల్లో వాడే గాజు బ్యూరెట్ నుంచి రంగు కలిపిన కిరోసిన్‌ను ఆ రంధ్రంలోకి చుక్కచుక్కగా వదులుతారు. పలక కింద ఆఖరి గాలి బుడగ పోయేదాకా ఎన్ని సీసీలు పట్టిందో అదే ఆ గది కొలత. పిస్టన్ తల, గాస్కెట్ మందం లెక్క దానికి కలుపుతారు.

346 సీసీ ఇంజిన్‌కు 8.5 నిష్పత్తి కావాలంటే పైన మిగిలే చోటు 46 సీసీ ఉండాలి. 10కి పెంచాలంటే అది 38.5కు తగ్గాలి. అంటే ఏడున్నర సీసీకి కాస్త పైగా తీసెయ్యాలి. 70 మి.మీ. వ్యాసమున్న గుండ్రంలో అది 2 మి.మీ. మందం. కాగితం మీద చిన్నదే. కానీ హెడ్‌ను అంత కిందికి దింపితే తెరుచుకున్న వాల్వు పైకి వచ్చే పిస్టన్‌కు తగులుతుంది. అందుకే ముందు పిస్టన్ తల మీద పిల్లలు ఆడుకునే బంకమట్టి పెట్టి, ఇంజిన్‌ను చేత్తో తిప్పి, మళ్లీ విప్పి, వాల్వు ఒత్తిన చోట మట్టి ఎంత మందం మిగిలిందో కొలుస్తారు.

బోర్ పెంచినప్పుడు ఇంకో తిరకాసు ఎదురవుతుంది. అదే 46 సీసీ గదిని కదపకుండా సిలిండర్‌ను 499 సీసీకి పెంచితే నిష్పత్తి తనంతట తానే 11.8కి చేరుతుంది. ఎవరూ అడగకుండానే కంప్రెషన్ పెరిగిపోతుంది. బోర్‌తో పాటే హెడ్‌నూ కొలవాలని పాత మేస్త్రీలు పట్టుబట్టేది ఇందుకే.

కంప్రెషన్‌కు పైహద్దు పెట్టేది పెట్రోలు. నొక్కుడు ఎక్కువైతే మంట ప్లగ్ దగ్గర మొదలై వరసగా పాకకుండా, మిగిలిన మిశ్రమం ఒక్కసారిగా పేలుతుంది. దీన్నే నాకింగ్ అంటారు. టకటకమనే ఆ చప్పుడును పట్టించుకోకపోతే పిస్టన్ తలకు కన్నం పడుతుంది. పెట్రోలు ఈ పేలుడును తట్టుకునే శక్తిని ఆక్టేన్ సంఖ్య చెబుతుంది. కంప్రెషన్ తక్కువున్న బండిలో ఖరీదైన ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు పోసినంత మాత్రాన శక్తి రాదు. పెంచిన బండికి మాత్రం అది అవసరం.

ఊపిరి: పోర్టులు, వాల్వులు, కామ్

గది ఎంత పెద్దదైనా గాలి లోపలికి వచ్చే దారి ఇరుకైతే లాభం లేదు. హెడ్‌లోని దారులను పోర్టులంటారు. పోతపోసినప్పుడు మిగిలిన గరుకును, గాస్కెట్ దగ్గరి మెట్టును, వాల్వు సీటు కింది మలుపును సరిచేస్తే గాలి తేలిగ్గా పారుతుంది. పోర్టును అద్దంలా మెరిపించాలని, ఎంత పెద్దది చేస్తే అంత మంచిదని చాలామందికి ఒక నమ్మకం. కానీ దారి మరీ వెడల్పైతే గాలి వేగం పడిపోతుంది, తక్కువ వేగాల్లో సిలిండర్ సరిగ్గా నిండదు. ఊళ్లో తిరిగే బండి అప్పుడు ట్రాఫిక్‌లో నీరసిస్తుంది.

వాల్వులు ఎప్పుడు తెరుచుకోవాలి, ఎంత ఎత్తున, ఎంతసేపు అన్నది కామ్ చెబుతుంది. వేగంగా పారే గాలికి జడత్వం ఉంటుంది. పిస్టన్ అడుగుకు చేరి మళ్లీ పైకి బయలుదేరాక కూడా గాలి కొంతసేపు లోపలికి వస్తూనే ఉంటుంది. అందుకే రేసు కామ్ వాల్వును ముందుగా తెరిచి, ఆలస్యంగా మూస్తుంది. ఎక్కువ వేగాల్లో ఇది వరం. నెమ్మదిగా తిరిగేటప్పుడు మాత్రం వచ్చిన గాలే వెనక్కి పోతుంది, బండి నిలకడగా ఐడిల్ కాదు.

ఊపిరిని చక్కదిద్ది ఎంత సాధించవచ్చో విన్సెంట్ కంపెనీ చూపించింది. 1940ల చివర్లో ఆ బ్రిటిష్ కంపెనీ చేసిన ర్యాపిడ్ బండి 998 సీసీ వీ-ట్విన్, శక్తి 45 హార్స్ పవర్. అదే ఇంజిన్‌కు లోపలి భాగాలు నునుపుచేసి, కంప్రెషన్ కొంచెం పెంచి బ్లాక్ షాడోగా తీర్చారు, 55 వచ్చింది. రేసు కోసం చేసిన బ్లాక్ లైట్నింగ్‌కు 70. అమెరికాలోని బొన్నెవిల్ ఉప్పు మైదానంలో 1948లో రోలీ ఫ్రీ అనే రేసర్ ఒంటి మీద ఈత చెడ్డీ తప్ప మరేమీ లేకుండా, గాలి తగలకుండా విన్సెంట్ మీద బోర్లా పడుకుని గంటకు 150 మైళ్లు దాటాడు. ఆ ఇంజిన్ల రూపకల్పనలో పాలుపంచుకున్న ఆస్ట్రేలియా ఇంజనీరు ఫిల్ ఇర్వింగ్ రాసిన ట్యూనింగ్ పుస్తకం 'ట్యూనింగ్ ఫర్ స్పీడ్' ఈ విద్యలో చాలాకాలం పాఠ్యగ్రంథంగా నడిచింది.

టూస్ట్రోక్: పొగగొట్టంలో ఇంజిన్

మామూలు టూస్ట్రోక్ ఇంజిన్‌ హెడ్‌లో వాల్వులు ఉండవు, సిలిండర్ గోడలోని కిటికీలే ఉంటాయి. కొత్త మిశ్రమం వస్తుండగానే పాత పొగ వెళ్తుంటుంది, కాబట్టి కొంత పెట్రోలు కాలకుండానే బయటికి జారిపోతుంది. దీన్ని ఆపింది తూర్పు జర్మనీకి చెందిన వాల్టర్ కాడెన్. చోపావ్ పట్టణంలోని ఎంజెడ్ కంపెనీలో రేసు విభాగం చూసిన ఆయన, ఉబ్బిన పొట్ట, సన్నటి తోక ఉన్న పొగగొట్టాన్ని పరిపూర్ణం చేశాడు. పొగతో పాటు బయలుదేరిన పీడన తరంగం గొట్టం వెడల్పయ్యే చోట సిలిండర్ నుంచి పొగను లాగుతుంది. మళ్లీ ఇరుకయ్యే చోట తగిలి వెనక్కి వచ్చి, జారిపోతున్న మిశ్రమాన్ని కిటికీ మూసుకునే లోపు లోపలికి నెడుతుంది. నిమిషానికి 10,800 సార్లు తిరిగే ఇంజిన్‌లో ఇదంతా సెకనుకు 180 సార్లు జరగాలి. 1961కల్లా ఆయన 125 సీసీ ఇంజిన్ 25 హార్స్ పవర్ ఇచ్చింది. లీటరుకు 200 అన్నమాట. ఆ ఏడాదే ఆయన జట్టు రేసర్ ఎర్న్‌స్ట్ డేగ్నర్ స్వీడన్ రేసు నుంచి పశ్చిమానికి పారిపోయి సుజుకీలో చేరాడు. ఎంజెడ్ రహస్యాలూ అతనితో వెళ్లాయి. మరుసటి ఏడాది సుజుకీ మీద అతడు 50 సీసీ ప్రపంచ విజేత అయ్యాడు.

తరంగం సరైన సమయానికి తిరిగి వచ్చేది కొన్ని వేగాల్లోనే. ఆ పరిధిని పవర్ బ్యాండ్ అంటారు. రేసు కోసం చేసిన గొట్టం బిగించిన ఆర్‌ఎక్స్ తక్కువ వేగాల్లో చప్పగా ఉండి, ఒక్కసారిగా ముందు చక్రం లేపేది అందుకే. పొగగొట్టం శక్తిని పెంచగలిగినట్టే తగ్గించగలదు కూడా. యమహా ఆర్‌డీ 350 జపాన్‌లో 39 హార్స్ పవర్ ఇచ్చేది. 1983 నుంచి ఎస్కార్ట్స్ మన దేశంలో రాజ్‌దూత్ 350గా అమ్మినప్పుడు మైలేజీ కోసం ప్రధానంగా పొగగొట్టాల దగ్గరే బిగించి, ఒక రకంలో 30.5కు, మరో రకంలో 27కు దించారు. ఆ బండి అభిమానులు తరవాత చేసిన 'అప్‌గ్రేడ్'లో చాలా భాగం కంపెనీ తీసేసినదాన్ని తిరిగి రాబట్టడమే.

పెట్రోలు, నిప్పు

గాలి పెరిగితే పెట్రోలూ పెరగాలి. గరిష్ఠ శక్తికి కాస్త చిక్కటి మిశ్రమం కావాలి, ఒక పాలు పెట్రోలుకు 12.5 నుంచి 13 పాళ్ల గాలి. కార్బొరేటర్ బండిలో మెయిన్ జెట్ మార్చి, కొంతదూరం గట్టిగా నడిపి, ప్లగ్ విప్పి రంగు చూసేవారు. నల్లటి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ, తెల్లగా ఉంటే తక్కువ, ఇటుక రంగుకు దగ్గరి గోధుమరంగు అయితే సరి. తెల్లటి ప్లగ్ ప్రమాద సూచన. పలచటి మిశ్రమం వేడెక్కి పిస్టన్‌ను కరిగిస్తుంది.

2020 ఏప్రిల్ 1న బీఎస్-6 నిబంధనలు అమల్లోకి వచ్చాక కొత్త బండ్లలో కార్బొరేటర్ దాదాపు కనుమరుగైంది. ఇంజెక్టర్ ఎంతసేపు తెరవాలో చిన్న కంప్యూటర్ లెక్కేస్తుంది. పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను సెన్సర్ చూసి మాటిమాటికీ సరిచేస్తుంది. అందువల్ల సైలెన్సర్, ఫిల్టర్ మార్చినంత మాత్రాన పెద్దగా శక్తి రాదు. యాక్సిలేటర్ వదిలినప్పుడు వెనక డబ్‌డబ్‌మని పేలుళ్లు మాత్రం వినిపిస్తాయి. అసలు లాభం కావాలంటే కంప్యూటర్‌లోని ఇంధన, జ్వలన పట్టికలను తిరగరాయాలి, లేదా దానికీ ఇంజెక్టర్‌కూ మధ్య పిగ్గీబ్యాక్ అనే అదనపు పెట్టె పెట్టాలి.

బలవంతపు గాలి

సిలిండర్ తనంతట తాను పీల్చే గాలి చాలనప్పుడు ఊది నింపవచ్చు. క్రాంక్‌తో తిరిగే ఊదుడు యంత్రాన్ని సూపర్‌ఛార్జర్ అని, పొగ తోపుతో తిరిగేదాన్ని టర్బో అని అంటారు. 1939లో జార్జ్ మయర్ సూపర్‌ఛార్జర్ ఉన్న బీఎండబ్ల్యూ మీద ఐల్ ఆఫ్ మ్యాన్ సీనియర్ టీటీ గెలిచాడు. యుద్ధం ముగిశాక రేసుల్లో దాన్ని నిషేధించారు. 1980ల మొదట్లో హోండా, యమహా, సుజుకీ, కవాసాకీ నాలుగూ టర్బో బండ్లు తెచ్చాయి, ఏదీ ఎక్కువకాలం నిలవలేదు. యాక్సిలేటర్ తిప్పాక శక్తి రావడానికి పట్టే జాప్యం వాటిని దెబ్బతీసింది. 2015లో కవాసాకీ నింజా హెచ్2 సూపర్‌ఛార్జర్‌తో వచ్చింది. 998 సీసీకి సుమారు 200 హార్స్ పవర్. ట్రాక్ కోసం చేసిన హెచ్2ఆర్ 300 దాటింది.

వేగం, విరిగే భాగాలు

మూడో దారి, ఇంజిన్‌ను వేగంగా తిప్పడం. కేటీఎం 390 డ్యూక్ 373 సీసీతో సుమారు 43 హార్స్ పవర్ ఇచ్చేది. పరిమాణంలో రాయల్ ఎన్‌ఫీల్డ్ 346 సీసీ ఇంజిన్‌కు దగ్గరే, శక్తి రెండింతలు. దాని స్ట్రోక్ 60 మి.మీ., నాలుగు వాల్వులు, నీటి చల్లదనం. 9,000 ఆర్‌పీఎం దగ్గర దాని పిస్టన్ సగటు వేగం సెకనుకు 18 మీటర్లు. 90 మి.మీ. స్ట్రోక్ ఉన్న ఇంజిన్‌ను అదే 9,000కు తిప్పితే 27 మీటర్లు అవుతుంది. మామూలు రోడ్డు బండి భాగాలు దాన్ని భరించలేవు. ఆర్‌పీఎం పది శాతం పెరిగితే కనెక్టింగ్ రాడ్ మీద లాగుడు 21 శాతం పెరుగుతుంది.

న్యూజిలాండ్‌లోని ఇన్వర్‌కార్గిల్ వాసి బర్ట్ మన్రోకు ఈ లెక్క చేతి పనిలోనే తెలిసింది. 1920లో కొన్న 600 సీసీ ఇండియన్ స్కౌట్ గంటకు 55 మైళ్లే వెళ్లేది. ఆయన దాన్ని దశాబ్దాల తరబడి షెడ్డులో మార్చుతూ 950 సీసీకి పెంచాడు. పిస్టన్లు స్వయంగా పోతపోసుకున్నాడు, కనెక్టింగ్ రాడ్లను పాత ట్రాక్టర్ ఇరుసు నుంచి చెక్కుకున్నాడు. 1967లో, 68వ ఏట, బొన్నెవిల్‌లో వెయ్యి సీసీ లోపు తరగతిలో 184.087 మైళ్ల రికార్డు పెట్టాడు. అప్పట్లో దొర్లిన లెక్క పొరపాటును 2014లో సవరించాక తేలిన అంకె ఇది. ఆయన షెడ్డు గోడకున్న అరలో పగిలిన పిస్టన్లు, విరిగిన రాడ్లు వరసగా పేర్చి ఉండేవి. వాటి మీద 'వేగదేవుడికి నైవేద్యాలు' అన్న అర్థం వచ్చే మాట రాసి పెట్టుకున్నాడు.

శక్తి పెరిగిన బండికి గట్టి క్లచ్ స్ప్రింగులు, ఆయిల్ కూలర్, మంచి చెయిన్ కావాలి. బ్రేకుల సంగతి చాలామంది మరిచిపోతారు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోలిస్తే 100 దగ్గర బ్రేకు తినాల్సిన శక్తి 56 శాతం ఎక్కువ.

కొలత

పికప్ పెరిగిందని చెవి, వెన్ను చెప్పేది నమ్మదగ్గది కాదు. చప్పుడు పెరిగితే శక్తీ పెరిగినట్టే అనిపిస్తుంది. వెనక చక్రాన్ని బరువైన డ్రమ్ము మీద తిప్పి కొలిచే డైనో యంత్రమే సాక్ష్యం. చక్రం దగ్గర అంకె క్రాంక్ దగ్గరికంటే పది, పదిహేను శాతం తక్కువ ఉండటం మామూలు. గాలి వేడిని కూడా సరిచూడాలి. 45 డిగ్రీల రెంటచింతల ఎండలో గాలి సాంద్రత 20 డిగ్రీలప్పటికంటే సుమారు 8 శాతం తక్కువ. ఇంజిన్‌కు ఆ మేరకు ఊపిరి తగ్గుతుంది.

ట్రాక్, రోడ్డు, చట్టం

ఈ మార్పులకు స్వేచ్ఛ ఉన్న చోటు రేసు ట్రాకు. దక్షిణాదిలో ఆ సంప్రదాయం మద్రాసు దగ్గరి షోలవరం పాత విమానపు రన్‌వే మీద మొదలై, శ్రీపెరుంబుదూరు సమీపంలోని ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో, కోయంబత్తూరు కారి స్పీడ్‌వేలో కొనసాగింది.

రోడ్డు మీద లెక్క వేరు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు చెప్పిన వివరాలకూ ఆర్‌సీకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్నే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చేసిన సవరణలో అలాంటి ఒక్కో మార్పుకు యజమానికి ఐదు వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పెట్టారు. చప్పుడుకు వేరే సెక్షన్ ఉంది. హైదరాబాద్, విశాఖపట్నం పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లను వరసగా పేర్చి రోడ్డు రోలర్‌తో తొక్కించిన సందర్భాలున్నాయి. సైలెన్సర్ బయటికి వినిపిస్తుంది కాబట్టి దొరికిపోతుంది. బ్లాకు మార్చిన పాత ఆర్‌ఎక్స్ అంత తేలిగ్గా దొరకదు. లోపల 132 సీసీ తిరుగుతుంటుంది, ఆర్‌సీలో మాత్రం 98 అనే ఉంటుంది. ప్రమాదం జరిగి బీమా సర్వేయర్ ఇంజిన్ విప్పించిన రోజున ఆ 34 సీసీల తేడా బయటపడుతుంది.